వాళ్ళు ‘మనం’ అన్న రోజు

ఆ వార్డులో ఎవరూ గొంతెత్తి అరిచేవాళ్ళు కాదు. అరిచి ఉంటే కొత్తమ్మాయికి అంత భయం వేసేది కాదేమో. అరిచేవాళ్ళని కనీసం లోపల్లోపల తిట్టుకోవచ్చు. ఇక్కడ అన్నీ మెల్లగా, నవ్వుతూ, రోగుల ముందే జరిగిపోయేవి.

నర్సింగు పూర్తిచేసి, చేతికి పట్టా వచ్చి, ఆపరేషన్లయినవాళ్ళని ఉంచే ఆ పొడుగాటి హాల్లో ఆమె చేరి ఎన్నాళ్ళో కాలేదు. ఆమెకి ఒక పేరుందన్న సంగతి జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ పట్టలేదు. ‘కొత్తమ్మాయీ’ అని పిలిచేవారు. తొందరలో ఉంటే ‘కొత్తా’ అనేవారు. పిలుపు ఎటునుంచి వచ్చినా ముందు గుండె ఝల్లుమనేది, తర్వాతే కాళ్ళు కదిలేవి.

వార్డుకి పెద్ద సిస్టర్ ఒకావిడ ఉండేది. సన్నగా, నిటారుగా, కళ్ళజోడు పైనుంచి చూసే మనిషి. వడలిపోయిన ముసలి చేతిలో కూడా ఒక్క పోటుకే నరం దొరకబుచ్చుకునేది. ఆవిడ మాటంటే పెద్ద డాక్టర్లు సైతం ఆగి వినేవారు. ఆ చేతుల పనితనం చూసి కొత్తమ్మాయి మొదటిరోజు మురిసిపోయింది. రెండోరోజు నుంచి అవే చేతులు ఆమె భుజం మీదుగా వచ్చి సూది లాక్కోవడం మొదలుపెట్టాయి.

“కాలేజీలో ఇదే నేర్పారా అమ్మాయ్?”

ఆవిడ అనేది అంతే. ఇంకో మాట ఉండేది కాదు. ఆ ఒక్క మాటకే తల కొట్టేసినట్టయ్యేది.

రెండో ఆవిడ నవ్వుల సిస్టర్. ఆ పేరు రోగులు పెట్టిందే. బొద్దుగా, చలాకీగా ఉండేది. నొప్పితో మూలుగుతున్నవాణ్ణి కూడా ఏదో ఒకటి అని నవ్వించేది. రోగులకి ఆ నవ్వు సగం మందు. కొత్తమ్మాయికి మాత్రం ఆ నవ్వు వినపడితే వెన్నులోంచి చలి పుట్టుకొచ్చేది. ఒకసారి ఎవరికో సెలైన్ పెట్టబోయి వరసగా నరం తప్పింది. “ఆయన చెయ్యనుకున్నావా, కుట్టుమిషన్ కింద గుడ్డనుకున్నావా?” అంది నవ్వుల సిస్టర్. వార్డంతా ఘొల్లున నవ్వింది. చెయ్యి పొడిపించుకున్నవాడు కూడా నవ్వాడు.

అన్నిటికీ వాళ్ళనే అనడానికీ లేదు. ఒక ముసలాయన మంచానికి పక్క కడ్డీ ఎత్తి పెట్టడం ఆమె నిజంగానే మరిచిపోయింది. పెద్ద సిస్టర్ చూడకపోతే ఆయన దొర్లి కింద పడేవాడే. అది జరిగిన దగ్గర్నుంచి తనమీద తనకే నమ్మకం సడలింది. తెలియనిది అడిగితే “ఇది కూడా తెలీదా?” అంటారు. తెలిసింది చెబితే “అబ్బో, మాకు పాఠాలు చెప్పడానికి వచ్చింది” అంటారు. అందుకని ఒక ఉపాయం కనిపెట్టింది: నోరు విప్పకపోవడం. చెప్పింది చెయ్యడం, చెప్పనిది చూసీ చూడనట్టు ఊరుకోవడం. ఏ అడుగుల చప్పుడు ఎవరిదో గుర్తుపట్టి, వాళ్ళొచ్చేలోపు ఆ చోటునుంచి తప్పుకోవడం. ఆ ఉపాయం బాగానే పనిచేసింది. తిట్లు తగ్గాయి. సాయంత్రం బస్సులో కూర్చుంటే ‘అమ్మయ్య, ఇవాళ గడిచింది’ అనిపించేది. ఎంత ప్రమాదకరమైన హాయి అది!

టైర్ల దుకాణం మీద రెండు గదుల వాటాలో అక్కతో, బావతో ఉండేది. బావ లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. అక్క ఇంట్లోనే స్కూలు యూనిఫారాలు కుట్టేది. “ఈమధ్య ఏడుపు మానేశావే, అలవాటు పడ్డావా?” అని అడిగింది అక్క.

“ఆఁ, పడ్డాను” అంది చెల్లెలు. అక్క దారం కొరికి, ఆ మొహంలోకి ఓసారి చూసి, మళ్ళీ మిషన్ తొక్కసాగింది.

అలాంటి రోజుల్లో కిటికీ పక్క మంచానికి లారీ డ్రైవరు వచ్చాడు. పేగులో ఏదో గడ్డ ఉందని తీసేశారు. గంభీరమైన మనిషి, గుబురు మీసం, చేతులు చేటల్లా ఉండేవి. ఆపరేషన్ అయిన మర్నాటి పొద్దున్నే కొత్తమ్మాయిని పిలిచి, “పాపా, ఈ మంచానికి బ్రేకులు వదులుగా ఉన్నాయి, చూసుకో. ఎత్తులో ఉంటే బండి దొర్లిపోద్ది” అన్నాడు. ఆమె వంగి చూసింది. నిజంగానే చక్రం తాళం సరిగ్గా పడలేదు. కాలితో నొక్కి సరిచేస్తే ఆయన మీసంలోనే నవ్వాడు. ఆయన భార్య పక్కన స్టూలు మీద కూర్చుని, భర్త నుదురు తుడుస్తూ, “ఆ పిల్లని పని చేసుకోనియ్యవయ్యా” అని విసుక్కుంది. ఆ వార్డులో ఆమెని చూసి హేళన లేకుండా నవ్విన మొదటి మనిషి ఆయనే.

మధ్యాహ్నం ఎండ కిటికీ రెక్కల మీదినుంచి జారుతున్న వేళ, ఆమె బీపీ చూడటానికి ఆయన దగ్గరికి వెళ్ళింది. మనిషిలో ఏదో తేడా కనిపించింది. ఇదీ అని చెప్పడానికి లేదు. పొద్దున బ్రేకుల గురించి మాట్లాడినవాడు ఇప్పుడు దుప్పటి అంచు పట్టుకుని లాగుతున్నాడు, వదులుతున్నాడు, మళ్ళీ లాగుతున్నాడు. చెయ్యి పట్టుకుంటే చల్లగా, చెమటగా తగిలింది. నాడి పొద్దుటికంటే బాగా వేగంగా కొట్టుకుంటోంది. బీపీ మాత్రం బాగానే ఉంది.

“ఎలా ఉంది బాబాయ్?”

“ఏమో పాపా. నొప్పని కాదు. లోపల ఏదో... ఏదో అవుతోంది.” కళ్ళు ఆమె మీద నిలవలేదు. గదంతా వెతుకుతున్నట్టు తిరిగాయి. “దాహంగా ఉంది.”

పొట్ట పక్కనుంచి ఒక గొట్టం బయటికి పెట్టారు. లోపల రక్తం ఊరితే ఆ గొట్టం చివరి సంచిలోకి రావాలి. కొత్తమ్మాయి వంగి సంచి చూసింది. అడుగున ఎర్రటి మరక తప్ప ఏమీ లేదు. అది చూసి ఊపిరి పీల్చుకోవాలి. కానీ పొద్దున కాస్త కాస్తగా వస్తున్నది ఇప్పుడు పూర్తిగా ఎందుకు ఆగింది? గొట్టం వేళ్ళతో తడిమింది. ఒకచోట లోపల గట్టిగా, గడ్డకట్టినట్టు తగిలింది. చదువుకున్న పాఠమేదో తలలో ఒక మూలన కదిలింది. దారి మూసుకుపోతే లోపల ఎంత కారుతున్నా బయటికి కనపడదు.

చెప్పాలి. వెంటనే చెప్పాలి.

నవ్వుల సిస్టర్ మందుల బండి దగ్గర ఉంది. “సిస్టర్, కిటికీ పక్క పెద్దాయనకి నాడి వేగంగా ఉంది. మనిషి కూడా...”

“డ్రైవరు కదా కొత్తా, స్పీడు ఎక్కువే ఉంటుంది మరి!” అని నవ్వుల సిస్టర్ నవ్వింది. పక్క మంచాలవాళ్ళు కూడా నవ్వారు. కొత్తమ్మాయి పెదాలు కూడా, సిగ్గులేకుండా, నవ్వడానికి సాగాయి.

ధైర్యం కూడగట్టుకుని పెద్ద సిస్టర్ బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆవిడ తలెత్తకుండానే అడిగింది.

“బీపీ ఎంత?”

చెప్పింది.

“సంచిలో రక్తం ఉందా?”

“లేదు సిస్టర్. కానీ గొట్టం...”

“లేదు కదా. మరి ఎక్కడికి పోతుంది, గాల్లోకా?” పెద్ద సిస్టర్ కళ్ళజోడు పైనుంచి చూసింది. “చదువుకుని కొత్తగా వచ్చినవాళ్ళకి ప్రతి రోగీ చచ్చిపోతున్నట్టే కనపడతాడు. నొప్పి ఇంజెక్షను ఇచ్చి, స్టోరుకెళ్ళి దుప్పట్లు తీసుకురా.”

గొట్టం మూసుకుపోయిందేమో అనే మాట గొంతుదాకా వచ్చింది. పచ్చి వెలక్కాయలా అక్కడే అడ్డంపడింది. ఎందుకు చెప్పలేదని తర్వాత ఎన్నోసార్లు తనని తనే ప్రశ్నించుకుంది. ఆవిడ చేతి నైపుణ్యం ముందు తన అనుమానం చులకనగా తోచిందా? మళ్ళీ ఆ ఒక్క మాట వినాల్సి వస్తుందని భయమా? రెండూ నిజమే. కానీ ఆ క్షణంలో అంత ఆలోచన కూడా లేదు. అలవాటైపోయింది, అంతే.

ఇంజెక్షను ఇచ్చింది. కాసేపటికి ఆయన దుప్పటి లాగడం మానేశాడు, కళ్ళు మూసుకున్నాడు. “నీ చెయ్యి చల్లగుండ, నిద్రపట్టింది” అంది భార్య.

స్టోరు పక్క భవనంలో ఉంది. అక్కడి మనిషి ఆవులిస్తూ ఒక్కో దుప్పటీ విప్పి, చిరుగులు చూసి, మళ్ళీ మడిచి ఇస్తున్నాడు. ఆమె ముళ్ళమీద నిలబడ్డట్టు నిలబడింది. చివరికి ఉన్నవి ఉన్నట్టు చంకన పెట్టుకుని, సగంనుంచి పరుగులాంటి నడకతో తిరిగొచ్చింది. వార్డు గుమ్మంలోంచే చూసింది. ఎండ ఆయన మంచం మీదినుంచి తప్పుకుంది. ఆయన మొహం దిండు గలీబు రంగులో ఉంది.

దుప్పట్లు ఎక్కడ పడ్డాయో తెలియదు. చెయ్యి పట్టుకుంటే నాడి వేలికి చిక్కీ చిక్కనట్టు దారంలా ఉంది. బీపీ దిగిపోయింది. ఈసారి ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు. గోడ ఫోను తీసి, ఆపరేషన్ చేసిన డాక్టరుని పిలిచి, అరిచినట్టుగా చెప్పింది. ఆమె గొంతు అంత పెద్దదని ఆ వార్డుకి అప్పుడే తెలిసింది.

తర్వాతదంతా పరుగులు. పెద్ద సిస్టర్ ఒక్క పోటుకే రెండో చేతికి నరం దొరకబుచ్చుకుంది. ఆ గందరగోళంలో కూడా ఆ చేతులు వణకలేదు. నవ్వుల సిస్టర్ రక్తం సీసాల కోసం పరుగెత్తింది. మంచాన్ని నలుగురు పట్టి నెట్టుకుంటూ ఆపరేషన్ గదికి తీసుకెళ్ళిపోయారు. కిటికీ పక్కన మంచం ఉండాల్సిన చోట ఖాళీ మిగిలింది. ఆ ఖాళీలో స్టూలు, స్టూలు మీద ఆయన భార్య.

లోపల కట్టిన రక్తనాళం ముడి జారిందట. పొట్టనిండా రక్తమేనట. మళ్ళీ కట్టారు. ప్రాణం ఉంది. స్పృహ లేదు, ఊపిరి మిషనే తీస్తోంది, కిడ్నీలు పనిచేస్తాయో లేదో చూడాలి అన్నారు.

సాయంత్రం పెద్ద సిస్టర్ ఆమెని టీ గదిలోకి పిలిచింది.

అది నర్సులు కూర్చుని టీ తాగే చిన్న గది. కొత్తమ్మాయి ఎప్పుడూ గుమ్మం దగ్గర నిలబడి తాగి గ్లాసు కడిగేసి వెళ్ళేది. కూర్చోమని ఎవరూ అనలేదు, కూర్చోవడానికి ఆమెకి ధైర్యమూ చాల్లేదు. ఇప్పుడు నవ్వుల సిస్టర్ కుర్చీ లాగి, “కూర్చో తల్లీ, మొహం చూడు ఎలా పీక్కుపోయిందో” అంది. వేడివేడి టీ చేతిలో పెట్టింది. చక్కెర ఎంత వెయ్యాలో అడిగి మరీ వేసింది. పెద్ద సిస్టర్ తలుపు చేరవేసింది.

“భయపడకు” అంది పెద్ద సిస్టర్. ఆవిడ గొంతు ఇంత మెత్తగా ఉంటుందని కొత్తమ్మాయికి తెలియదు. “ఈ ఉద్యోగంలో ఇలాంటివి అందరికీ ఎదురవుతాయి. రేపు పిలిచి అడుగుతారు. ఏం జరిగింది? బాగానే ఉన్న మనిషికి ఒక్కసారిగా పరిస్థితి దిగజారింది. చూసిన వెంటనే ఫోను చేశావు. శభాష్. అంతకుముందు ఏ తేడా లేదు. అంతే కదా?”

కొత్తమ్మాయి గ్లాసు వంకే చూస్తోంది.

“లేనిపోనివి చెప్పావనుకో, ముందు అడిగేది నిన్నే. తెలిసీ దుప్పట్ల కోసం ఎందుకెళ్ళావంటారు. నిన్నగాక మొన్న వచ్చినదానివి, నీకే దెబ్బ.” పెద్ద సిస్టర్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. “మనం మనం ఒకటి. మనలో మనకి తేడా రాకూడదు. మనం ఒకే మాట మీద ఉంటే మనల్ని ఎవరూ ఏమీ చెయ్యలేరు.”

మనం. చేరినప్పటినుంచి ఆమె విన్నది ‘మేము’ అనే మాటే. మేము ఇలా చెయ్యం, మా వార్డులో ఇలా కుదరదు, మాకు నువ్వు చెబుతావా? ఆ ‘మేము’కి బయట నిలబడి రోజూ లోపలికి చూసేది. ఇవాళ తలుపు తెరిచి లోపలికి రమ్మన్నారు. ఎంత హాయిగా ఉంది! కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. టీ కడుపులోకి వెచ్చగా దిగింది. అదే క్షణాన, భుజం మీది చెయ్యి ఎంత బరువుగా ఉందో కూడా తెలిసింది.

“అలాగే సిస్టర్” అంది.

బయటికొస్తే వరండాలో డ్రైవరు భార్య ఎదురైంది. చెంగు నోట్లో కుక్కుకుని, గోడకి ఆనుకుని ఉంది. కొత్తమ్మాయిని చూడగానే చెయ్యి పట్టుకుంది.

“పాపా, నువ్వు దగ్గరున్నావు కదా. ముందే ఏమీ తెలీలేదా?”

“లేదు పిన్నిగారూ. ఒక్కసారిగా జరిగింది.” ఆ మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి ఆమెకే భయమేసింది.

ఆ ఇల్లాలు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. “అయితే నావల్లే. నీళ్ళివ్వొద్దన్నారు. పెదాలు తడపమన్నారు. నువ్వు అటెళ్ళాక కళ్ళు తెరిచి దాహం దాహం అంటుంటే చూడలేక రెండు గుక్కలు తాగించాను. ఆ నీళ్ళే లోపలికెళ్ళి చేశాయి కదూ?”

కాదు. ఆ నీళ్ళకీ దానికీ సంబంధమే లేదు. చెప్పడానికి నోరు తెరిచేలోపు వెనకనుంచి పెద్ద సిస్టర్ గొంతు వినపడింది.

“నీళ్ళిచ్చారా? ఇవ్వొద్దని చెప్పాం కదమ్మా!”

ఆవిడ అబద్ధం ఏమీ ఆడలేదు. చెప్పిన మాటే చెప్పింది. కానీ డ్రైవరు భార్య ఆ గోడ వెంబడి అలాగే జారి నేలమీద కూలబడింది. పెద్ద సిస్టర్ ఒక్క క్షణం ఆమెనే చూసింది. ఆ చూపులో జాలి ఉంది. జాలితో పాటు లెక్కేదో తేలిన నెమ్మదీ ఉంది.

ఇంటికి వెళ్ళాక అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంది, ముద్ద నోటికి పోలేదు.

“మళ్ళీ తిట్టారా?” అంది అక్క.

“లేదు. ఇవాళ బాగా చూసుకున్నారు. టీ పెట్టి ఇచ్చారు.” అని భోరుమంది.

బావ తెల్లబోయాడు. “తిడితే ఏడ్చావు, టీ ఇచ్చినా ఏడుస్తున్నావు. మరదలు పిల్లా, వాళ్ళు మాత్రం ఏం చెయ్యాలి పాపం?”

“నువ్వు కాస్త అవతలికి పో” అని అక్క ఆయన్ని పంపేసి చెల్లెలి పక్కన కూర్చుంది. ఏమీ అడగలేదు. అడిగితే చెప్పేసేదేమో. చెబితే బరువు దిగిపోయి, మర్నాడు నోరు మూసుకుని ఉండేదేమో కూడా. ఎంగిలి చేత్తోనే చెల్లెలు అక్క ఒళ్ళో తల పెట్టుకుంది. అక్క జుట్టు నిమిరింది.

పొద్దున్నే వెళ్ళేసరికి ఐసీయూ ముందు డ్రైవరు కొడుకు వచ్చి ఉన్నాడు. ఎక్కడో దూరంనుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చినట్టున్నాడు, బట్టలు నలిగిపోయి ఉన్నాయి. బెంచీ మీద కూర్చున్న తల్లి ముందు నిలబడి, “చదువు లేకపోతే లేదు, చెప్పింది వినడం కూడా తెలీదా అమ్మా? నీళ్ళెందుకిచ్చావు? చేతులారా చేసుకున్నావు” అంటున్నాడు. ఆ మనిషి చెడ్డవాడేమీ కాదు, అంటూనే ఏడుస్తున్నాడు. తల్లి ఒళ్ళో పెట్టుకున్న తన చేతులకేసే చూసుకుంటోంది, అవి ఎవరివో అన్నట్టు.

కొత్తమ్మాయి అక్కడే ఆగిపోయింది. తను మెల్లగా ఒక్క మాట అంటే ఆ కొడుకు గొంతు ఆగిపోతుంది. కానీ అనాల్సిన చోటు వేరే ఉంది. అక్కడ అనకుండా ఇక్కడ గుసగుసలాడితే దానికి విలువుండదు.

నర్సులందరికీ పై అధికారి అయిన మేట్రన్ గదిలో ముగ్గురు నర్సులనీ కూర్చోబెట్టారు. ఆపరేషన్ చేసిన డాక్టరు కూడా వచ్చాడు. నిద్ర లేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. పెద్ద సిస్టర్ చెప్పడం మొదలుపెట్టింది. తడబాటు లేదు, ఎక్కువ తక్కువలు లేవు. మధ్యాహ్నం వరకు బాగానే ఉన్నాడు, బీపీ సరిగ్గా ఉంది, సంచిలో రక్తం లేదు, ఒక్కసారిగా పరిస్థితి దిగజారింది. “భార్య నీళ్ళు కూడా తాగించిందట” అని చివర్లో అంటీ అంటనట్టు అంది.

“నీళ్ళ సంగతి వదిలెయ్యండి” అన్నాడు డాక్టరు. “ముడి ఒక్కోసారి జారుతుంది. ఒక్కసారిగా అయితే ఎవరు మాత్రం ఏం చేస్తారు?” ఆయన గొంతులోనూ, అందరూ ఒప్పుకుంటే ఇక లేవచ్చన్న ఆత్రం ఉంది. మేట్రన్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. కుర్చీలు కదిలాయి.

“ఒక్కసారిగా కాదండీ.”

అన్నది తనేనని కొత్తమ్మాయికి అందరూ తనవైపు తిరిగాక తెలిసింది. టీ గదిలో భుజం మీద పడ్డ చెయ్యి ఇంకా అక్కడే ఉన్నట్టుంది.

“చాలాముందే తేడా కనిపించింది. నాడి వేగంగా ఉంది. చెయ్యి చల్లబడింది. ‘లోపల ఏదో అవుతోంది’ అని ఆయనే అన్నారు. గొట్టంలో రక్తం గడ్డకట్టి అడ్డం పడిందేమోనని నాకు అనుమానం వచ్చింది. నాడి సంగతి చెప్పాను, గొట్టం సంగతి చెప్పలేకపోయాను. నవ్వుతారని భయపడ్డాను. నొప్పి ఇంజెక్షను ఇచ్చి దుప్పట్లకి వెళ్ళాను. అప్పుడే ఫోను చేసి ఉండాల్సింది. అది నా తప్పు.”

మేట్రన్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది.

“ఎవరికి చెప్పావు?” అంది మేట్రన్.

పెద్ద సిస్టర్ ఆమెవైపు చూడలేదు. ఎదురుగా గోడని చూస్తూ, “నాకు చెప్పినట్టు గుర్తులేదు” అంది, నిన్న టీ గదిలో మాట్లాడినంత మెత్తగా.

ఇంక ఎవరు నమ్ముతారు? ఇన్నేళ్ళ మనిషి మాట ఒకవైపు, మంచం కడ్డీ ఎత్తడం మరిచిపోయే పిల్ల మాట ఒకవైపు.

“చెప్పింది.”

నవ్వుల సిస్టర్. తల వంచుకుని ఉంది. ఎప్పుడూ ఎర్రగా ఉండే బుగ్గలు పాలిపోయాయి. “ముందు నాకే చెప్పింది. డ్రైవరు కదా, స్పీడు ఎక్కువే అని నవ్వాను. తర్వాత ఆ బల్ల దగ్గరికెళ్ళి చెప్పడం కూడా చూశాను.” మొహం చేతుల్లో దాచుకుంది.

డాక్టరు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు. పెద్ద సిస్టర్ మాత్రం కదల్లేదు. గోడమీంచి చూపు తిప్పలేదు.

బయటికొచ్చాక కొత్తమ్మాయి తిన్నగా బెంచీ దగ్గరికి వెళ్ళింది. కొడుకూ తల్లీ చెరో చివరా కూర్చుని ఉన్నారు. ఆమె నేలమీద మోకాళ్ళమీద కూర్చుంది.

“పిన్నిగారూ, మీ నీళ్ళవల్ల కాదు. లోపల కట్టిన ముడి జారింది. మీరు నీళ్ళివ్వకముందే మొదలైంది. నిన్న మీరడిగితే ఒక్కసారిగా జరిగిందని చెప్పాను. అబద్ధం. నాకు ముందే అనుమానం వచ్చింది. గట్టిగా చెప్పలేకపోయాను.”

కొడుకు లేచి నిలబడ్డాడు. కొడతాడేమో అనుకుంది. అతను తల్లివైపు తిరిగి, “అమ్మా” అన్నాడు. తల్లి కొత్తమ్మాయి మొహంలోకి చూసింది.

“అయితే నీకు తెలుసన్నమాట” అంది.

అంతే. క్షమించాననీ అనలేదు, శాపమూ పెట్టలేదు. మొహం అటు తిప్పుకుంది.

డ్రైవరు బతికాడు. కానీ బతకడానికి చాలా రోజులు పట్టింది. మిషను తీశాక మాట వచ్చింది, కిడ్నీలు మెల్లగా దారిలో పడ్డాయి, చేటల్లాంటి ఆ చేతులు మాత్రం పుల్లల్లా అయిపోయాయి. వెళ్ళేరోజున ఆయన చక్రాల కుర్చీలోంచి కొత్తమ్మాయిని చూసి చెయ్యెత్తాడు. ఆయన భార్య ఫ్లాస్కు సంచిలో సర్దుకుని, ఆమెని దాటుకుని, తల తిప్పకుండా నడిచి వెళ్ళిపోయింది.

ముగ్గురికీ సంజాయిషీ కాయితాలు వచ్చాయి. వేరే వార్డుకి మారతావా అని మేట్రన్ అడిగింది. కొత్తమ్మాయి తేల్చుకోలేదు. ఆ సాయంత్రమే ఆమె ఒంటరిగా దొరికినప్పుడు పెద్ద సిస్టర్ ఆపి, “మారకు” అంది. “నేను పంపించేశానని అనుకుంటారు. ఇక్కడే ఉండు. నా కళ్ళముందే ఉండు.” గొంతు ఎప్పటిలాగే ఉంది, మెల్లగా.

ఉండిపోయింది. ధైర్యంతో అని చెప్పలేం. ఎక్కడికి వెళ్ళినా ఒక బల్లా, బల్ల వెనక ఒక మనిషీ ఉంటారని తోచింది. అంతే. టీ గదిలో ఆమె వస్తే మాటలు ఆగిపోయేవి. మడిచిన ప్రతి దుప్పటీ మళ్ళీ విప్పి చూసేవారు. సూది పట్టుకుంటే వెనక ఒక నీడ నిలబడేది. చేతులు మునుపటికంటే కుదుటపడ్డాయి కాబట్టి ఆ నీడకి పనిపడేది తక్కువ. అయినా కదిలేది కాదు.

కొన్నాళ్ళకి గోడవైపు మంచానికి ఒక వంటమేస్త్రీ వచ్చాడు. ఆపరేషన్ అయిన రెండోరోజు పొట్ట బిగిసిందని గిలగిల్లాడాడు. కొత్తమ్మాయి చెయ్యి పట్టి చూసింది. నాడి కాస్త వేగం. చెమట ఉంది. అంతా గ్యాసేనేమో. గ్యాసు కాకపోతే?

మందుల బండి దగ్గరికి వెళ్ళి, అందరికీ వినపడేలాగే అంది: “సిస్టర్, వంటాయనకి తేడాగా ఉంది. ఒకసారి వచ్చి చూడండి. మీకు కుదరకపోతే డాక్టరుకి ఫోను చేస్తాను.”

నవ్వుల సిస్టర్ చేతిలో సీసా అలాగే పెట్టేసి వచ్చింది. నవ్వలేదు. పొట్ట మీద చెయ్యి వేసి, అక్కడక్కడా నొక్కి చూసి, ఆయన్ని మెల్లగా పక్కకి తిప్పింది. వంటమేస్త్రీ ఒక్కసారిగా వార్డు కప్పు ఎగిరిపోయేలా త్రేన్చాడు. తర్వాత ఇంకో చప్పుడు కూడా అయింది. “అమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది” అన్నాడు నుదురు తుడుచుకుంటూ. మంచాలన్నీ ఘొల్లున నవ్వాయి. నవ్వుల సిస్టర్ కూడా ఆపుకోలేక నవ్వేసింది. కొత్తమ్మాయి మొహం చెవులదాకా ఎర్రబడింది.

పెద్ద సిస్టర్ బల్ల దగ్గరినుంచి అదంతా చూసింది. నవ్వలేదు.

“గాలికి కూడా డాక్టరేనా అమ్మాయ్?” అంది. “ఇలా ఎన్నిసార్లు పిలుస్తావు?”

“అనుమానం వచ్చినప్పుడల్లా పిలుస్తాను సిస్టర్.”

పెద్ద సిస్టర్ కళ్ళజోడు పైనుంచి చూసింది. చూస్తూనే ఉంది. ఏమీ అనలేదు. అనేదాకా నిలబడి ఎదురుచూడటం కొత్తమ్మాయికి అలవాటు. ఈసారి ఆగలేదు. వెనక్కి తిరిగి, గుండె దడదడలాడుతుండగానే, పక్క మంచం దగ్గరికి వెళ్ళి, “చెయ్యి ఇటు పెట్టండి తాతగారూ” అంది.